ఆరో కాగు

దుబాయ్ పోయే పిల్లలు వీసా చేతికి రాగానే ఒకసారి మా ఇంటికి వచ్చి పోతుంటారు. మా వైపు షార్జా అయినా అల్ ఐన్ అయినా అన్నీ దుబాయే. “తాతా, ఆడ ఎట్ల మెలగాలె?” అని అడుగుతారు. ఎండలో నీళ్లు తాగండి, పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో పెట్టి పోండి అంటాను. ఇంకో మాట కూడా ఉంది గానీ అది చెప్పాలంటే గంట పడుతుంది. వాళ్లకు బస్సు టైమవుతుంది. అందుకని రాసి పెడుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పక్కన కూర్చుని ఆమె పలక మీదే దిద్దాను. వాక్యం ఎక్కడైనా వంకరపోతే సర్దుకుని చదవండి.

మాది గీత వృత్తి. పద్నాలుగో ఏట మోకు నడుముకు కట్టుకుని ఈతచెట్టు ఎక్కాను. పద్దెనిమిదేళ్లు కల్లు దింపాను. కుండ మీద గుడ్డ తీయకుండానే అది పొద్దుటిదో, మాపటిదో, నిన్నటిదో చెప్పేవాణ్ని. అందులో గొప్పేమీ లేదు. రోజూ బట్టలు ఇస్త్రీ చేసేవాడికి గుడ్డ తెలిసినట్టే.

బొంబాయిలో విమానం ఎక్కే ముందు మా పక్క ఊరివాడు ఒకడు, అంతకుముందే ఒకసారి పోయివచ్చినవాడు, నా చెవిలో ఊదాడు. “అన్నా, ఆడ కల్లు పేరెత్తితే తెల్లారే విమానమెక్కిచ్చి పంపుతరు. ఎవలడిగినా వ్యవసాయం అని చెప్పు.” నేను అట్లాగే చెప్పాను. కాగితంలోనూ అదే రాయించారు. నాలుగేళ్లు నేను వ్యవసాయదారుణ్నే.

నాకు దొరికింది షార్జాలో ఒక మిఠాయి కార్ఖానా. మొదట బస్తాలు మోశాను, తర్వాత పాకం దగ్గర నిలబెట్టారు. పాకం కుదిరిందా లేదా అన్నది వేళ్లతో తీసి చూడకుండా, వాసనతోనే చెప్పడం మొదలుపెట్టాను. అది మా ముదీర్ కంట్లో పడింది. ముదీర్ అంటే మేనేజరు. ఆయన నెల్లూరు వైపు ముసల్మాను. అయిదు పూటలా నమాజు చేసేవాడు, మాట కరుకు, మనసు అంత కరుకు కాదు. ఆయనకు ఒకటే అలవాటు, జర్దా. దాంతో నాలుక మొద్దుబారిపోయింది. కార్ఖానాకు సరుకు కొనాలంటే రుచి చూడడానికి నన్ను వెంట తీసుకుపోయేవాడు.

ఎనభైల మధ్యలో ఒక ఏడు, రంజాన్‌కు ఇంకా నెలన్నర ఉందనగా, ఆయన పొద్దున్నే వచ్చి, “పదవయ్యా, అల్ ఐన్ పోవాల. దిబ్స్ చూడాల,” అన్నాడు. దిబ్స్ అంటే ఖర్జూరం నుంచి కారే పాకం, నల్లటి తేనెలా ఉంటుంది. రంజాన్‌కు చేసే బిస్కెట్లలో మా కార్ఖానా అదే పెట్టేది. అప్పటిదాకా డబ్బాల్లో వచ్చేది కొనేవాళ్లం. ఈసారి తోటలో చేసిందే కావాలని కఫీల్, అంటే కార్ఖానా యజమాని, పట్టుబట్టాడట.

పికప్‌లో పోతూ ముదీర్ సంగతి చెప్పాడు. ఆ తోట ఒక ముసలాయనది. తాతల నాటి నుంచి దిబ్స్ వాళ్ల ఇంట్లోనే తీస్తారు. ఇప్పుడెవరూ కొనడం లేదు. పెద్ద కొడుకు ఆఫీసులో పని చేస్తాడు, ఆ గది పడగొట్టి కార్లకు షెడ్డు వేద్దామంటున్నాడు. “ఈ సంవత్సరం కాగులన్నీ అమ్ముడైతే ఉంచుదాం, లేకుంటే కూల్చేయ్ అని ముసలాయన మాటిచ్చేశాడంట. మనం పోకుంటే కొనేవోడు లేడు,” అన్నాడు.

మేం చేరేసరికి ముసలాయన గేటు దగ్గర పక్క తోట ఆయనను సాగనంపుతున్నాడు. ఇద్దరూ ముక్కుకు ముక్కు తగిలించుకుని విడిపోయారు. వాళ్లలో వాళ్లకు అది మర్యాద. మా ముదీర్‌కు చెయ్యి అందించాడు. నాకు తల ఊపాడు. అది మామూలే, నేనేమీ అనుకోలేదు.

గది చిన్నది, మట్టిగోడలు, పైన ఖర్జూరపు మట్టలు. తలుపు ఎంత కురచ అంటే నడుము వంచి దూరాలి. లోపల నేలంతా నాగలి చాళ్లలా గట్లు తీసి ఉంది. ఆ గట్ల మీద ఖర్జూరం నింపిన బుట్టలు ఒకదాని మీద ఒకటి కప్పుదాకా పేర్చుతారు. గానుగ లేదు, మంట లేదు. పైబరువుకు కింది పండు తనంతట తను కారుతుంది. చాళ్లలో పారి మూలన ఉన్న గుంటలోకి చేరుతుంది. దాన్ని తోడి గోడ పొడవునా ఉన్న కాగుల్లో పోస్తారు. ఎనిమిది కాగులు, నా ఛాతీ దాకా వచ్చేవి, మూతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి. వాటి మీద అరబ్బీలో ఏదో రాసి ఉంది. నాకు ఏ భాషా చదవరాదు కాబట్టి తలుపు నుంచి లెక్క పెట్టుకున్నాను.

ముసలాయన వచ్చీరాని హిందీ మాట్లాడేవాడు. పనివాళ్ల దగ్గర నేర్చుకున్నది. మొదట కావా ఇచ్చారు, చక్కెర లేని చేదు కాఫీ, బొటనవేలంత గిన్నెలో. తాగి గిన్నె ఇస్తే మళ్లీ పోశారు. మళ్లీ ఇస్తే మళ్లీ పోశారు. అయిదోసారికి ముదీర్ నా మోకాలు పొడిచి, “గిన్నె ఊపి ఇయ్యవయ్యా, లేకుంటే కాఫీ దల్లా మొత్తం నీ పొట్టలోకే,” అన్నాడు. ఊపి ఇచ్చాను. ముసలాయన నవ్వాడు.

తర్వాత రుచి. ఆయన ఒక్కో కాగు గుడ్డ విప్పి, ఒక పుల్లతో తీసి, రొట్టె ముక్క మీద వేసి ఇచ్చేవాడు. ఇస్తూ ప్రతి దానికీ ఒక మాట చెప్పేవాడు. ఇది వాకిట్లో ఉన్న చెట్టుది, ఇది మా అన్న నాటిన వరుసది అని. పిల్లలను చూపించినట్టు చూపించాడు. మొదటిది తీపి. రెండోది తీపి, కాస్త పొగ వాసన. మూడు, నాలుగు, అయిదు, అన్నీ బాగున్నాయి గానీ తీపి అన్నది నాలుక మీద పడి అక్కడే కూర్చుంటుంది. నేను తల ఊపుతూ పోయాను.

ఆరో కాగు మూలన ఉంది. రొట్టె నోట్లో పెట్టుకున్నాను. అంతే. తీపి వచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది. సన్నగా, చురుక్కున, లేచి నిలబడినట్టు. నా నాలుక నాలుగేళ్లుగా ఆ తోవలోనే ఎదురు చూస్తున్నదేమో అనిపించింది. నేను అడగకుండానే చెయ్యి చాచి ఇంకో ముక్క తీసుకున్నాను.

“సాబ్, గిదే,” అన్నాను. “అన్నిట్ల గిదే మంచిగున్నది. దీంట్ల జీవం ఉన్నది.”

ముదీర్ కూడా తిన్నాడు. ఆ మొద్దు నాలుకకు కూడా ఏదో తగిలింది. “మాషా అల్లా,” అని ఇంకోసారి తిన్నాడు. నా మాటను ముదీర్ హిందీలో చెబితే ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఆయనా వేలు ముంచి నాకాడు. ఏడు, ఎనిమిది కూడా చూశాం గానీ నాకు వాటి రుచి గుర్తు లేదు. మొత్తం ఎనిమిదీ తీసుకుంటామని, ముందు ఆరోదే డబ్బాల్లోకి తోడమని ముదీర్ చెప్పేశాడు. కొడుకు బయట కారుకు ఆనుకుని నిలబడి విన్నాడు. ముసలాయన అతని వైపు ఒక చూపు చూశాడు, అంతే.

భోజనం పెట్టారు. పళ్లెం నిండా అన్నం, పైన మాంసం. కడుపు నిండా తిని ఖర్జూరపు చెట్ల కింద, కాలువ పక్కన ఒరిగాను. గదిలోంచి డబ్బాల చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి నాకు ఒక తేన్పు వచ్చింది.

రాయకూడదేమో గానీ, జరిగింది అదే. మాంసం తిన్న తేన్పు కాదది. ముక్కులోకి ఎక్కిన ఆ పులుపు నాకు తల్లిపాల కన్నా బాగా తెలుసు. పొద్దుట దింపిన కల్లు ఎండ మొదలయ్యే వేళకు కుండలో కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు అది తీపీ కాదు, పులుపూ కాదు. మా ఊళ్లో ఆ ఘడియ కోసమే జనం చెట్టు కింద కూర్చుని ఉంటారు. నాకు నచ్చింది దిబ్స్ కాదు. ఆరో కాగు పులియడం మొదలుపెట్టింది. అందుకే నచ్చింది.

లేచి కూర్చున్నాను. పాకం పట్టేవాడిగా నన్ను తీసుకొస్తే, కల్లు దింపేవాడి నాలుకతో తీర్పు చెప్పాను. ఆ కాగు బిస్కెట్లలో పడితే, పొద్దంతా ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం నోరు తెరిచి మొట్టమొదట తినేది అదే. వాళ్లకు తెలియదు. ఈ ఇంట్లోనూ ఎవరికీ తెలియదు. జీవితంలో ఆ రుచి ఎరగనివాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. చెబితే, నీకెట్లా తెలుసు అంటారు. అప్పుడు నా వ్యవసాయం బయటపడుతుంది. తెల్లారే విమానం. పైగా ఒక కాగు చెడిందంటే ముదీర్ మిగతావీ వద్దనొచ్చు. అప్పుడు ఈ గది ఉండదు.

చెప్పకూడదనే అనుకున్నాను, దాచడమెందుకు. రెండో డబ్బా నిండిన చప్పుడు దాకా అట్లాగే అనుకున్నాను. ముసలాయన గదిలోంచి వచ్చి, ఒక చిన్న గిన్నెలో ఆరో కాగు దిబ్స్ తెచ్చి నా పక్కన పెట్టాడు. నీకు నచ్చింది గదా, దారిలో తిను అన్నాడు. ఇంకో గిన్నె ఆయన చేతిలో ఉంది. ఇది మా ఇంట్లో పిల్లలకు అన్నాడు.

నేను ముదీర్ దగ్గరికి ఉరికాను.

“సాబ్, ఆ ఆరో కాగు పట్టొద్దు.”

“ఏందయ్యా? పొద్దున నువ్వేగదా జీవముందన్నావు?”

“గా జీవమే సాబ్ తప్పు. పులిసింది.”

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. “నీకెట్టా తెలుసు?”

“నేను కల్లు తీసేటోణ్ని సాబ్. పద్దెనిమిదేండ్లు తీసిన.”

ముదీర్ నోట్లో జర్దా పక్కకు ఉమ్మేశాడు. మూతి తుడుచుకుని, “సరే. ఏదో ఒకటి చెప్పి ఆ కాగు వొదిలేద్దాం. ముసలాయనకు చెప్పి అగుడు చెయ్యబాక. దీను, నిష్ఠ ఉన్న మనిషి,” అన్నాడు.

“వదిలేస్తే ఇంట్ల పిల్లలు తింటరు సాబ్. గిన్నె గూడ నింపిండు.”

“అయితే నువ్వే చెప్పుకో. నా నోటితో నేను చెప్పలేను.”

ముసలాయన దగ్గరికి పోయి నాకొచ్చిన హిందీలో చెప్పాను. బాబా, ఆరో కాగు చెడింది, పిల్లలకు పెట్టకండి. ఆయన గిన్నె పక్కన పెట్టాడు. బాగుందన్నావు కదా అన్నాడు. నిజమే అన్నాను బాబా, నా దేశంలో నేను చెట్ల నుంచి తీసేది తాగితే మత్తెక్కుతుంది, ఆ వాసన నాకు తెలుసు, అందుకే నచ్చింది, తప్పు నాది అన్నాను. ఆయన ముఖంలో రంగు మారింది. కొడుకు కారు వదిలి దగ్గరికి వచ్చాడు. నువ్వు చెప్పేది నిజమని ఎట్లా నమ్మాలి అన్నాడు అతను, మంచి ఉర్దూలో. అది న్యాయమే. రుచి చూడమని ఇప్పుడు వాళ్లకు చెప్పలేను గదా.

“వినండి,” అన్నాను.

చెట్టు మీద ఉన్నప్పుడు కుండలో ఎంత చేరిందో, ఎట్లా ఉందో చెవితో తెలుసుకుంటాం. ఆరో కాగు దగ్గరికి తీసుకుపోయి, గుడ్డ తీసి, మూతి దగ్గర చెవి పెట్టమన్నాను. ముసలాయన తలపాగా సర్దుకుని వంగాడు. అందరం ఊపిరి బిగబట్టాం. లోపల సన్నగా, తడి పెనం ఆరుతున్నట్టు చిటచిటమంటోంది. ఆయన తల ఎత్తి ఏడో కాగుకు చెవి పెట్టాడు. అది మౌనంగా ఉంది. మళ్లీ ఆరోదానికి వచ్చాడు. ఈసారి చాలాసేపు విన్నాడు. కొడుకు కూడా విన్నాడు.

తలుపు అవతల తెర వెనక నుంచి ఒక ఆడగొంతు లేచింది. ముసలాయన భార్య. గడగడా అరబ్బీలో ఏదో అంటోంది. ముదీర్ నాకు మెల్లగా చెప్పాడు. “శీతాకాలం వాన పడ్డ రోజే చెప్పాను, ఆ మూల కప్పు కారతా ఉందని. మగోళ్లు ఎవురన్నా విన్నారా అంటా ఉంది.”

అందరం పైకి చూశాం. ఆరో కాగుకు సరిగ్గా పైన మట్టల మధ్య అరచేతంత ఆకాశం కనిపించింది. చిక్కటి దిబ్స్ ఏళ్లు ఉన్నా చెడదు. నీళ్లు పడితే పైన పలచబడి కదులుతుంది. పైన తేలిన నురుగు వాళ్లూ ముందే చూశారట. పుల్లతో కలిపినందుకు వచ్చిందేమో అనుకున్నారు.

“ఖలాస్,” అన్నాడు కొడుకు. ఎగతాళి లేదు ఆ మాటలో, అలసట ఉంది.

ముసలాయన మా ముదీర్ వైపు తిరిగాడు. నా సరుకు మీరు కొనొద్దు, ఏది బాగుందో నాకే తెలియనప్పుడు మీకు ఎట్లా అమ్మను అన్నాడు. చెయ్యి గుండెల మీద పెట్టుకుని అన్నాడు. ముదీర్ నేల చూస్తున్నాడు. ఒకటి చెడినప్పుడు మిగతావి నమ్మేదెట్టా అని ఆయన మనసులో ఉందని నాకు తెలుసు.

“సాబ్, నేను చూస్త,” అన్నాను. “ఒక్కొక్కటి చెవితోని, నాలుకతోని. ఒక్కటి అటిటు అయినా నన్ను ఇంటికి పంపుండ్రి.”

“నిన్నెట్టాగూ పంపేదే,” అన్నాడు ముదీర్. కాగుల వైపు చెయ్యి చూపి, “చూడు,” అన్నాడు.

చూశాను. తొందర లేకుండా, ఒక్కో కాగుకు మధ్య నోరు పుక్కిలించి. ఏడు కాగుల్లో ఒక్కటీ నాకు నచ్చలేదు. అన్నీ వట్టి తీపి. నచ్చలేదని చెబితే ముసలాయన మొదట బాధపడ్డాడు. ముదీర్‌కు ముందు అర్థమైంది. పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. ఆ ఏడు కాగులూ తీసుకున్నాడు. నిండిన రెండు డబ్బాలు తిరిగి ఆరో కాగులో పోశాం. దాన్ని పారబోయొద్దని తెర వెనక నుంచి ఆమె చెప్పింది. పూర్తిగా పులిసి సిర్కా, అంటే వెనిగర్, అయితే వాడుకోవచ్చట, అది తప్పు కాదట. కల్లు కూడా రోజులు గడిస్తే అంతే అవుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మధ్యలో ఉన్న సంగతే ఆమెకు తెలియదు.

తిరుగు దారిలో ఇసుక దిబ్బలన్నీ దాటాం. అప్పుడు ముదీర్ అడిగాడు.

“అంటే పొద్దున నేను రెండుసార్లు తిన్నది...”

“కొంచమే సాబ్. అప్పుడే మొదలైంది.”

“ఎంత కొంచెం?”

“మా ఊర్ల గంత కొంచెం పసిపోరలకు గూడ తాగిస్తరు.”

“నోరు మూసుకో.”

ఇంకొంత దూరం పోయాక, “వ్యవసాయం అన్నావుగదయ్యా నాలుగేండ్ల నించి,” అన్నాడు.

“చెట్టు ఎక్కుడు గూడ వ్యవసాయమే గద సాబ్.”

“ఎవురన్నా అడిగితే పాకం మేస్త్రి అని చెప్పు. ఆ చెట్టు మాట నా దగ్గిరితో సరి.” అప్పుడు నవ్వాడు. బండి ఆపి, చేతులు కడుక్కుని, నోరు పదిసార్లు పుక్కిలించి, రోడ్డు పక్క నమాజు చేసుకున్నాడు. నేను బండికి కాపలా ఉన్నాను. నన్ను పంపలేదు.

పిల్లలకు నేను చెప్పాలనుకునే మూడో మాట ఇదే. మీకు వచ్చిన పని ఏదైనా దాన్ని దాచుకోకండి. నేను దాచి నాలుగేళ్లు బతికాను గానీ, ఆ రోజు పొద్దున ముసలాయన, నీదేం పని అని అడిగి ఉంటే, నేను నిజం చెప్పి ఉంటే, ఆరో కాగు నాకెందుకు నచ్చిందో అక్కడే తెలిసేది. రెండు డబ్బాలు నిండేదాకా ఆగే పని ఉండేది కాదు. ఒక మనిషి తన ఇంట్లో అందరి ముందూ తల దించుకునే పనీ ఉండేది కాదు.

ఒక కాగు మిగిలినా ఆ గది కూల్చలేదు. కొడుకే ఆ ఎండాకాలం కప్పు మీద రేకులు వేయించాడు. తర్వాత నాలుగేళ్లు, ప్రతి ఏడూ ముసలాయన కబురు పంపేవాడు, ఆ వినేవాణ్ని తీసుకురండి అని. నేను పోయి రుచి చూస్తుంటే ఆయన కాగు వైపు చూసేవాడు కాదు, నా ముఖమే చూసేవాడు. నా ముఖం కాస్త వెలిగిందా, ఆయన ముఖం వాడేది. ఒక ఏడు దగ్గు వచ్చి నేను కళ్లు తుడుచుకుంటే, పాపం, ఆయన గబుక్కున మూలకు పోయి చెవి పెట్టాడు.

నేను వీసా రద్దు చేసుకుని వచ్చేసే ఏడు కూడా పోయాను. ఆయనకు చూపు బాగా తగ్గింది. కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఎనిమిది కాగులూ చూశాను. ముఖం కనపడదు కాబట్టి ఆయన నోటితోనే అడగాల్సి వచ్చింది, ఏమంటావు అని.

“బాబా, ఒక్కటి కూడా నచ్చలేదు,” అన్నాను.

ఆయన కర్ర గోడకు ఆనించాడు. చేత్తో తడిమి నా భుజం దొరకబుచ్చుకుని, వంగి, తన ముక్కు తెచ్చి నా ముక్కుకు తగిలించాడు.